ఇంట్లో పోసిన గుళ్లు, సంసారానికి మేళ్లు

హెడ్లీ గ్విలియం కుడి చెవి పనిచేయదు. ఎడమ చెవి పనిచేస్తుంది గానీ, దానికి బుద్ధి పుట్టినప్పుడే. ఇంగ్లండులో ఒక చిన్న ఊరి ‘నాగలి’ పబ్బులో ఎయిర్‌గన్ పోటీలకు గుర్తులు చూసే పెద్దమనిషి ఆయనే. గురి కుదిరితే మోగే గంట పక్కన కూర్చుని విని విని చెవులు పోయాయని ఆయన అంటాడు. తన మాట వినకుండా ఉండటానికే పోగొట్టుకున్నాడని ఆయన భార్య అంటుంది.

వెతికి వెతికి ఆ చెవిలోనే గ్లెండా ప్రోబర్ట్ ఒకరోజు తన గోడు వెళ్లబోసుకుంది.

“ఏం చెప్పను హెడ్లీ! మా ఆయన క్లైవ్ సీసం పట్టాడు. సాయంత్రమైతే షెడ్డు. షెడ్డులో సీసం. ఎంత చెప్పినా వినడే!”

హెడ్లీ సీసం వినలేదు. సీసా విన్నాడు.

ఇంగ్లండు వాళ్ల భాషలో ఆ రెండు మాటలకూ పోలికే లేదు కదా అని నిలదీయకండి. చెవుడుకు భాషాభేదం లేదు. అది అన్ని భాషల్నీ సమానంగా చూసే ఏకైక సమదృష్టి!

“అయ్యో తల్లీ! ఎంత బంగారంలాంటి మనిషి!” అని హెడ్లీ గ్లెండా చెయ్యి నిమిరాడు. ఆదివారం చర్చి వదిలేసరికి హెరెఫర్డ్‌షైర్ కొండల నడుమ ఉన్న ఆ చిన్న ఊళ్లో తెలియని ఇల్లు లేదు. రిటైరైన స్కూలు బస్సు డ్రైవరు, పంది మాంసం కూడా పొగరుగా నమలని సాధువు, క్లైవ్ ప్రోబర్ట్ సీసాకు బానిసయ్యాడు!

నిజానికి క్లైవ్ చేస్తున్నదేమిటి? షెడ్డులో చిన్న పొయ్యి మీద సీసం కరిగించి, గరిటెతో అచ్చులో పోసి, ఎయిర్‌గన్‌కు తానే గుళ్లు తయారు చేసుకుంటున్నాడు. అంతే!

దీన్ని కొందరు ఇల్లాళ్లు పీడ అంటారు. పీడ కాదమ్మా, వరం! పూర్వం పుణ్యం కోసం గుళ్లు కట్టించేవారు. ఈ కాలంలో గుళ్లు పోయిస్తున్నారు. రెండింటికీ ఓపిక కావాలి, రెండింటికీ చందాలు కావాలి, రెండింటి వల్లా ఇంట్లోవాళ్లు పస్తులుంటారు. తేడా ఏముంది?

మొదటి లాభం చూడండి. ఆరోగ్యం! సీసం పొగ మంచిది కాదని క్లైవ్ షెడ్డు తలుపు, కిటికీ బార్లా తెరిచిపెడతాడు. ఫిబ్రవరి చలిలో అలా రెండు పూటలు నిలబడ్డవాడికి ఇక జలుబంటే భయమేముంటుంది? అది వచ్చి, ఉండిపోయింది కాబట్టి కొత్తగా రావడానికి దారే లేదు! పైగా సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలని పుస్తకంలో చదివాడు. పెళ్లయినప్పటి నుంచీ గ్లెండా మొత్తుకున్నా జరగని పని ఒక్క పుస్తకంతో జరిగింది. ఇల్లాలి మాట నెగ్గాలంటే ముందు అది అచ్చవ్వాలి!

రెండో లాభం, పొదుపు. టౌనులో దుకాణానికి వెళితే డబ్బా నిండా గుళ్లు, నున్నగా, ఒకే కొలతలో, నడుము సన్నగా, వెనక గౌను విచ్చుకున్నట్టుగా, చక్కగా దొరుకుతాయి. అలా కొనేస్తే ఏం మిగులుతుంది? సాయంత్రం మిగిలిపోతుంది! మిగిలిన సాయంత్రాన్ని ఏం చేసుకోవాలి? క్లైవ్‌కు ఆ బెంగ లేదు. ఆయన అచ్చు చూడటానికి అడకత్తెరలా ఉంటుంది. నొక్కితే రెండు గుళ్లు. ఆ రెంటిలో ఒకటి కుంటిది, ఒకటి గుడ్డిది. రెండూ మళ్లీ మూకుట్లోకి. అచ్చు తెచ్చాడు గానీ అచ్చిరాలేదని గిట్టనివాళ్లు అంటారు. గంట కొట్టడానికి గంటల తరబడి కష్టపడేవాడిని వీళ్లేం అర్థం చేసుకుంటారు?

గంట సంగతి చెప్పాలి. ‘నాగలి’లో, చుట్టుపక్కల పబ్బులన్నింటిలో, చలికాలం వారానికో పోటీ. ఈ చివర ఆటగాడు. ఆ చివర ఇనప పలక. పలక మధ్యలో చిటికెన వేలు దూరేంత బెజ్జం. బెజ్జం వెనక గంట. గుండు బెజ్జంలోంచి దూరితే గంట మోగుతుంది, ఐదు పాయింట్లు. పక్కన తగిలితే పలక మీది తెల్లరంగులో మచ్చ పడుతుంది, బెజ్జానికి ఎంత దూరమైతే అంత తక్కువ. హెడ్లీ మచ్చ చూసి, అంకె అరిచి, కుంచెతో ఒక్క వేటు రంగు పూసేస్తాడు. తప్పు మాయం! పలక మళ్లీ పెళ్లికూతురే. ఇలాంటి కుంచె సంసారాలకు కూడా ఒకటుంటే ఎంత బాగుండును!

మూడో లాభం, ఇల్లు తేలికపడటం. సీసం చెట్లకు కాయదు కదా! మొదట పబ్బు పలక కింద రాలిన చితికిన గుళ్లను క్లైవ్ జేబులో వేసుకొచ్చాడు. అందుకు హెడ్లీ ఒప్పుకోలేదు. “ఒకసారి దారి తప్పిన గుండుకు దారి తప్పడం అలవాటైపోతుందిరా!” అని హెచ్చరించాడు. క్లైవ్ వినలేదు. ఆ సీసం అయిపోయాక గ్లెండా నాన్నగారి చేపల గాలాల బరువులు వెళ్లాయి. ఆ తరవాత ఒకరోజు గ్లెండా ముందుగదిలో నిలబడి అడిగింది:

“క్లైవ్, ఈ తెరలు ఎందుకిలా ఎగురుతున్నాయి?”

“గాలి.”

“కిటికీలు మూసే ఉన్నాయి.”

“లోపలి గాలి.”

“అంచుల్లో సీసపు బిళ్లలుండాలి. మా అమ్మ కుట్టింది.”

“ఊరికే వేలాడుతున్నాయి గ్లెండా, పనీ పాటా లేకుండా.”

“వేలాడటమే వాటి పని!”

“ఇప్పుడు చూడు, ఒక్కోటీ గంట కొట్టొస్తుంది. పదిమందిలో పేరు.”

“మా అమ్మ కుట్టిన బిళ్ల కాలిస్తే గంట మోగుతుందా? ఆవిడ బతికుండగా నీ మాట విన్న పాపాన పోలేదు!”

అది అక్షరాలా జరిగింది. ఆ పోత గుళ్లు ఒక్కటీ గంట మొహం చూడలేదు. అత్తగారు సీసంలో కూడా అత్తగారే!

బిళ్లలయ్యాక పొగగొట్టం. ఇంటికప్పు, పొగగొట్టం కలిసేచోట వాన దిగకుండా సీసపు రేకు చుట్టి ఉంటుంది. క్లైవ్ నిచ్చెన వేసుకుని ఎక్కాడు. “సగమే కోశాను, సగం ఉంది” అని దిగాడు. వాన మాత్రం సగం రాలేదు. పడకగదిలో బకెట్టు పెట్టారు. చుక్క పడ్డప్పుడల్లా టింగుమని మోగింది. క్లైవ్ గుళ్ల వల్ల ఆ సీజన్లో మోగిన గంట అదొక్కటే!

చూశారా? జనం ఇంట్లో గుళ్లు పోసుకుంటారు. క్లైవ్ ఇంటినే గుళ్లుగా పోసుకున్నాడు. ఇంతకన్నా స్వయంసమృద్ధి ఎక్కడైనా ఉందా?

నాలుగో లాభమే అన్నింటికన్నా గొప్పది. ప్రశాంతత! సీసం మరిగేటప్పుడు మాట్లాడకూడదు. చల్లారేటప్పుడు మాట్లాడకూడదు. తూచేటప్పుడు ఊపిరే పీల్చకూడదు, ఇక మాటలా? తూచిన గుళ్లను తూకం వారీగా టీ డబ్బాల్లో పోసి షెడ్డు అరల్లో పేర్చాడు. ఇంట్లో టీ పొడి కాగితం సంచిలో ఉంటోంది. గ్లెండా వంటింట్లో ఒక్కతే కూర్చుంటోంది. ఎంత నిశ్శబ్దం! గడియారం శబ్దం కూడా వినిపించేంత. ఎందరు ఇల్లాళ్లకు దక్కుతుంది ఈ భాగ్యం?

అంతకుముందు పాపం ఈ ప్రశాంతత ఆవిడకు లేదు. దుకాణం గుళ్లు తెచ్చిన రోజుల్లో, పోటీకి ముందు సాయంత్రం వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద గాజుపలక పెట్టి, మొగుడూ పెళ్లాం ఎదురెదురుగా కూర్చునేవారు. ఒక్కో గుండును గాజు మీద దొర్లించడం. తిన్నగా దొర్లితే డబ్బాలోకి. వంకరగా దొర్లితే జామ్ సీసా మూతలోకి. చేతులు ఆ పని చేస్తుంటే నోళ్లు ఊరుకుంటాయా?

“ఇది చూడు, నడక అచ్చం మీ తమ్ముడిదే. కుడివైపుకు పోతోంది.”

“మరి ఇదో? దొర్లమంటే కూర్చుంది. మీ అక్క!”

ఇలా ఊరినంతా గాజు మీద దొర్లించి, ఎవరు మంచివాళ్లో ఎవరు మూతలోకో తేల్చి, చేతులు కడుక్కుని, చీజూ రొట్టే తిని లేచేవాళ్లు. అంత గోల! దానికి క్లైవ్ షెడ్డు పెట్టి శాశ్వత పరిష్కారం చూపించాడు. గాజుపలక ఇప్పుడు వంటింటి అలమర వెనక నిలబడి ఉంది, శిక్ష పడ్డ పిల్లాడిలా గోడకు మొహం పెట్టి.

ఇక సీసా వదంతి సంగతి. దానివల్ల ఐదో లాభం వచ్చింది. పక్కింటి మేవిస్ గిన్నె పట్టుకుని వచ్చింది. గిన్నెలో ‘పై’, అంటే పొట్టేలు మాంసం కూరి కాల్చిన పిండివంట, మీద బంగారు రంగు పొర.

“నువ్వేం మాట్లాడకు, నా తల్లే! అన్నీ తెలుసు. నా మొదటి మొగుడూ అంతే. షెడ్డు నుంచి బయటికొచ్చేవాడు కాదు.”

“ఇతనూ రాడు మేవిస్” అంది గ్లెండా. అందులో అబద్ధం లేదు.

“వచ్చాక వాసన?”

“ఒకటే వాసన.”

“కళ్లు?”

“ఎర్రగా. పొగ...”

“పొగ కూడానా!” మేవిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. చీకటి పడే దాకా లేవలేదు. మరుసటి రోజు పాస్టరమ్మ రోవెనా బిస్కెట్లతో, ‘మానాలనుకుంటే మానవచ్చు’ అనే కరపత్రంతో వచ్చింది. ఆవిడా కూర్చుంది. ఎదుటి జట్టు, ‘గుర్రపునాడా’ పబ్బు కెప్టెన్ నెవిల్ బీవన్ కూడా పక్క ఊరి నుంచి రేగుపండ్ల జామ్ పంపించాడు.

గ్లెండా ఎందుకు దిద్దలేదంటారా? ఒకసారి ప్రయత్నించింది. “మా ఆయన చుక్క ముట్టడు” అని పబ్బులో గట్టిగానే అంది. అందరూ తలలు వంచుకున్నారు. “ఎంత ఉత్తమురాలు! ఎలా వెనకేసుకొస్తోందో!” అన్నారు. మర్నాడు ఇంకో రెండు పైలు వచ్చాయి.

అయితే ఒక్క చిక్కు వచ్చిపడింది. ‘నాగలి’ జట్టుకు కెప్టెన్ గ్లెండాయే. జట్టులో ఎనిమిది మంది. ఏడోది ఆవిడ, ఎనిమిదో వాడు క్లైవ్. తుపాకీ ఇద్దరికీ ఒకటే, గ్లెండా నాన్నగారిది. ఆవిడ కాల్చి లేచి, వెచ్చగా ఉన్న ఆ తుపాకీని ఆయన చేతికిస్తుంది. పెళ్లయిన చలికాలం నుంచీ అంతే. ఆవిడవి దుకాణం గుళ్లు. ఈ ఏడాది నుంచి ఆయనవి ఇంటి గుళ్లు. ఆవిడ కాలిస్తే గంటలు. ఆయన కాలిస్తే హెడ్లీ కుంచెకు పని.

ఆఖరి పోటీకి ముందు గొర్రెల బొచ్చు కత్తిరించే కీత్ టానర్ ఆవిడను పక్కకు పిలిచాడు. జట్టులో పెద్ద నోరు అతనిదే.

“కెప్టెనమ్మా, తప్పుగా అనుకోకు. క్లైవ్‌ను ఈసారి కూర్చోబెట్టు. చెయ్యి వణుకుతోంది పాపం.”

“చెయ్యి కాదు కీత్. గుళ్లు.”

“అదే, గుళ్లు పట్టుకున్న చెయ్యి. ఎదురుగా ‘గుర్రపునాడా’. ఇత్తడి బొగ్గుబుట్ట మన చేతుల్లోంచి పోయి ఎన్నేళ్లయింది? మా అబ్బాయిని దించుతాను. కుర్రాడు మంచి గురి.”

ఇత్తడి బొగ్గుబుట్టంటే కప్పు. గెలిచిన పబ్బు ఏడాదంతా దాన్లో చిప్స్ పొట్లాలు పెట్టుకుంటుంది. దానికోసం ఆ రెండు ఊళ్లూ పెళ్లి సంబంధాలు కూడా మానుకున్న రోజులున్నాయి.

కీత్ అన్నది న్యాయమే. గ్లెండాకూ తెలుసు. క్లైవ్ పేరు కొట్టేస్తే జట్టు గెలవొచ్చు. కొట్టేస్తే, వెచ్చటి తుపాకీ చేతికందించే ఆ ఒక్క క్షణం కూడా పోతుంది. ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి చేసే పని ఇక అదొక్కటే మిగిలింది మరి!

ఆ సాయంత్రం ఆవిడ గాజుపలక బయటికి తీసింది. పేపరు పరిచింది. దుకాణం డబ్బా తెరిచింది. షెడ్డు దగ్గరికి వెళ్లి పిలిచింది.

“క్లైవ్, రా. రేపటికి గుళ్లు ఏరుకుందాం.”

“వస్తున్నా. ఈ పోత అయ్యాక.”

“రేపు ఒక్కరోజు డబ్బా గుళ్లతో కాల్చవయ్యా!”

“కన్నతల్లి చేతి వంట వదిలి హోటలు కూడు తింటారా ఎవరైనా?”

“మీ అమ్మ జన్మలో వండలేదు. ఆవిడా డబ్బాలే తెరిచేది!”

లోపల త్రాసు టక్కుమంది. సీసం తూకం జరుగుతోంది. గ్లెండా ఒక్కతే కూర్చుని గుళ్లు దొర్లించింది. ఒకటి కుడివైపుకు పోయింది. “మా తమ్ముడు” అంది. ఎవరూ నవ్వలేదు. తీసి మూతలో వేసింది. తరవాత జట్టు కాగితం మీద ఎనిమిదో పేరు రాసింది. క్లైవ్ ప్రోబర్ట్.

మర్నాడు ‘నాగలి’లో కాలు పెట్టే సందు లేదు. వంటింట్లోంచి మాంసపు ఉండల వాసన, ఉడికిన బఠానీల వాసన. రెండు జట్లూ ఒకరి మెడ మీద ఒకరు ఊపిరి విడుస్తూ పాయింట్లు కూడబెట్టాయి. గ్లెండా తన వంతు కూర్చుని, ఐదు కాల్పులకు ఐదు గంటలు మోగించి లేచింది. పబ్బు హోరెత్తింది. ఆవిడ తుపాకీ క్లైవ్ చేతికిచ్చింది.

“చల్లగా ఉందా చెయ్యి?” అంది.

“లేదు. కొత్త పోత గ్లెండా! కొంచెం బొద్దుగా వచ్చాయి. బాగా పడతాయి” అన్నాడు.

బొద్దుగా వచ్చినవి ఎక్కడైనా బాగానే ఉంటాయి, తుపాకీ గొట్టంలో తప్ప.

మొదటి మూడు కాల్పులకు చిత్రంగా మూడు, నాలుగు, నాలుగు వచ్చాయి. మిగిలినవి రెండు. రెండింటికీ కలిపి తొమ్మిది వస్తే బొగ్గుబుట్ట ‘నాగలి’ది. లేకపోతే ‘గుర్రపునాడా’ది. క్లైవ్ నాలుగో గుండును బొటనవేలితో గట్టిగా నొక్కి లోపలికి దూర్చాడు. గురి చూశాడు. కాల్చాడు.

ఫుస్సుమంది. గంట లేదు. హెడ్లీ పలక మీదికి వంగి చూశాడు. మచ్చ లేదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. పలక చుట్టూ గోడ చూశాడు. గోడకూ తగల్లేదు. ఇన్నేళ్లలో పలకను తప్పినవాడున్నాడు గానీ, గోడను కూడా తప్పినవాడు లేడు!

“సున్నా!” అని అరిచాడు. పోసింది గుండు, వచ్చింది సున్నా. గుండుసున్నా!

నవ్వినా బాగుండేది. ఎవరూ నవ్వలేదు. పబ్బంతా జాలిగా చూసింది. మేవిస్ కళ్లు ఒత్తుకుంది. కీత్ తన గ్లాసును టోపీ చాటున దాచాడు, పాపం చూసి నోరూరుతుందని. పాస్టరమ్మ నెమ్మదిగా వెళ్లి క్లైవ్ ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టింది. క్లైవ్‌కు ఏమీ అర్థం కాలేదు. దాహంగా లేకపోయినా మర్యాదకు తాగాడు. ఆయన నీళ్లు తాగుతుంటే కొందరు చప్పట్లు కొట్టారు.

అయిదో గుండు. కాల్చాడు.

టింగ్. టింగ్.

ఒక్క కాల్పు. రెండు మోతలు! పబ్బు పైకప్పు ఎగిరిపోయేంత గోల.

“రెండుసార్లు మోగింది!” అని హెడ్లీ. ఇది మాత్రం ఆయనకు స్పష్టంగా వినబడింది.

“రెండు ఐదులు పది! గెలిచాం!” అని కీత్ బొగ్గుబుట్ట మీద చెయ్యి వేశాడు.

“ఆగవయ్యా! ఒక్క కాల్పుకు ఒక్క గంటే లెక్క. ఎక్కడిదా రెండో గుండు?” అని ‘గుర్రపునాడా’ వాళ్లు లేచారు.

“మాదే! ఆలస్యంగా వచ్చింది. రైళ్లు రావట్లేదా ఆలస్యంగా? వచ్చాక ఎక్కట్లేదా జనం?”

పోటీల నియమాల్లో దీనికి జవాబు లేదు. ఇలాంటిది జరుగుతుందని ఎవడూ కలగనలేదు. ఉన్నది ఒక్క ఆనవాయితీ. తగువొస్తే ఆతిథ్యం ఇచ్చిన జట్టు కెప్టెన్ తీర్పు చెప్పాలి, ఆ తీర్పుకు తిరుగులేదు. సొంత జట్టుకు ఎవరూ దొంగతీర్పు చెప్పరని ఆ ఊళ్ల నమ్మకం. అందరూ గ్లెండా వైపు తిరిగారు.

గ్లెండా క్లైవ్ వైపు చూసింది. అతని మొహం వెలిగిపోతోంది. తన చేతుల్తో పోసిన గుళ్లు జంటగా వెళ్లి గంట కొట్టాయి! మొదటిది గొట్టంలో ఇరుక్కుని కూర్చుంటే, రెండోది వెనక నుంచి తోసుకెళ్లిందని ఆవిడకు అర్థమైంది. మొదటిది ఎందుకు ఇరుక్కుందో చెబితే తీర్పు తేలిపోతుంది. చెబితే బొగ్గుబుట్టా పోతుంది, ఈ వెలుగూ పోతుంది.

ఆవిడ నోరు తెరిచేలోగా నెవిల్ బీవన్ ముందుకొచ్చాడు. పెద్ద మనసున్న మనిషి.

“గ్లెండమ్మా, నువ్వేం ఇబ్బంది పడకు. మా వాళ్లకు నేను చెబుతా. పదీ మీవే. పాపం, మనిషి ఆ సీసాతో ఇన్నాళ్లు పోరాడి, వణికే చేత్తో గంట కొట్టాడు. బుట్ట మీరే తీసుకోండి. ఆయనకు అదే మందు.”

“ఏ సీసా?” అన్నాడు క్లైవ్.

గ్లెండా చెయ్యెత్తింది.

“కూర్చోండందరూ. ముందు తీర్పు. నాలుగో కాల్పుకు సున్నా. అయిదో కాల్పుకు అయిదు. బుట్ట ‘గుర్రపునాడా’ది. ఎందుకంటే నాలుగో గుండు గొట్టంలోనే ఇరుక్కుంది. ఇరుక్కుందంటే లావుగా ఉంది. లావుగా ఎందుకుందంటే అది దుకాణంలో కొన్నది కాదు, మా షెడ్డులో పోసింది. మా అమ్మ తెరల బిళ్లలు, మా నాన్న గాలం బరువులు, మా ఇంటి పొగగొట్టం రేకు కరిగించి పోసింది. మా ఆయనకున్న వ్యసనం అదే. సీసా కాదు. సీసం!”

కీత్ టోపీ చాటు నుంచి తన గ్లాసు బయటికి తీశాడు.

“సీసమా?” అంది మేవిస్. “మరి నా పై?”

“తిన్నాను. బాగుంది. ఉప్పు తక్కువ.”

“సీసా అని నువ్వెందుకు ఒప్పుకున్నావే తల్లీ?”

“కాదన్నాను. వింటేగా! రెండోసారి అనలేదు, అదే నా తప్పు. ఎందుకనలేదంటే...” గ్లెండా ఆగింది. మొగుడి వైపు చూడలేదు. పలక వైపు చూసింది. “నువ్వు పైతో వచ్చి కూర్చున్నావు మేవిస్. పాస్టరమ్మ వచ్చి కూర్చుంది. బల్లకు అటువైపు కుర్చీలో మనిషి. సీసం అని చెబితే మీరు లేచి వెళ్లిపోతారు. అసలు సీసాయే అయితే బాగుండేదని కూడా అనుకున్నాను. సీసా బల్ల మీద పెట్టుకుని తాగుతారు. తిట్టడానికైనా ఎదురుగా ఉండేవాడు!”

క్లైవ్ చేతిలోని తుపాకీని చూసుకున్నాడు. అది ఇంకా వెచ్చగానే ఉండి ఉంటుంది. పోటీ అవగానే పలక కింద తట్టలో రాలిన సీసం జేబుల్లో నింపుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు తట్ట దాకా వెళ్లాడు, చూశాడు, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

“గాజుపలక ఎక్కడ పెట్టావు?” అన్నాడు.

“నిన్నటి నుంచి బల్ల మీదే ఉంది. ఇంట్లోకి వస్తే కనబడుతుంది.”

“నావి కూడా ఒకసారి దొర్లించి చూద్దామా?”

“దొర్లిద్దాం. మూత చాలదేమో, బకెట్టు తెస్తాను.”

కాబట్టి సోదరులారా, దుకాణం డబ్బా మోజు మానండి. ఇంట్లోనే గుళ్లు పోసుకోండి. ఈ పత్రికాముఖంగా నొక్కి వక్కాణిస్తున్న మాటకు ఇప్పటికీ కట్టుబడే ఉన్నాం, అందులో అక్షరం మార్చం. కాకపోతే ‘ఇంట్లో’ అన్న మొదటి మాట కాస్త గట్టిగా చదువుకోండి. ఇంట్లో తయారు, ఇంట్లో తయారు అని డబ్బాల మీద పేర్లు అంటించుకునే వీరులందరినీ ఒక్కటే అడుగుతున్నాం. అయ్యా, మీరు ఇంట్లో ఉన్నదెప్పుడు?

అన్నట్టు, ఆ పూట ‘గుర్రపునాడా’ వాళ్లు ఇత్తడి బొగ్గుబుట్ట ఎత్తుకుని, మాంసపు ఉండలు తిని, గ్లెండాకు టోపీలు తీసి వెళ్లారు. మిగిలినవాళ్లు హెడ్లీ చుట్టూ చేరారు. మూల నుంచి ఆయన చాలాసేపటిగా “ఏమంటోంది? ఏమంటోంది?” అని అడుగుతున్నాడు. కీత్ వంగి ఎడమ చెవిలో నోరు పెట్టి, పొగగొట్టం అదిరేలా అరిచాడు:

“సీసా కాదంట! సీసం! సీసం కరిగించి గుళ్లు పోస్తున్నాడంట!”

హెడ్లీ కుంచె కింద పెట్టి, జాలిగా తల పంకించాడు.

“నాకప్పుడే తెలుసు. ఈ ఊళ్లో జనం ఏది చెప్పినా సరిగ్గా వినరయ్యా!”